వెస్ట్‌వరల్డ్ థియరీలు, మా ల్యాబులో చెయ్యి: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రోబోటిక్స్ ల్యాబు చూసుకుంటాను. దానికి ముందు ఏడేళ్లు ఒక ఫ్యాక్టరీలో రోబో చేతుల సర్వీసింగ్ చేశాను. ల్యాబు టైమ్ అయిపోయాక మా పిల్లలు ఇంటికి పోకుండా కూర్చుని వాదించుకునేది చాలాసార్లు వెస్ట్‌వరల్డ్ సిరీస్ గురించే. బ్యాచ్‌లు మారినా వాదనలు మాత్రం అవే. "మేడం, మీరేమంటరు?" అని నన్ను మధ్యలోకి లాగుతారు. ఆ సిరీస్ అంటే నాకూ ఇష్టమే కాబట్టి కూర్చుంటాను. అక్కడ పదేపదే చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి, కథలోని ముడులన్నీ విప్పేస్తున్నాను.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జొనాథన్ నోలన్, లీసా జాయ్ కలిసి చేసిన ఈ సిరీస్ 2016 అక్టోబరులో హెచ్‌బీఓలో మొదలై 2022 దాకా నాలుగు సీజన్లు, 36 ఎపిసోడ్లు నడిచింది. దానికి మూలం 1973లో మైఖేల్ క్రైటన్ రాసి, తీసిన సినిమా. డబ్బున్నవాళ్లు ఒక కౌబాయ్ పార్కుకు వెళ్తారు. అక్కడుండే 'హోస్టు'లు అచ్చం మనుషుల్లా ఉండే మరమనుషులు. వాళ్లతో ఏమైనా చేయొచ్చు, అడిగేవాడుండడు. రాత్రికి వాళ్ల జ్ఞాపకాలు చెరిపేసి పొద్దున మళ్లీ నిలబెడతారు.

అపోహ: ఫ్యాన్ థియరీలన్నీ పనిలేనివాళ్ల ఊహలు.

మొదటి సీజన్‌లో అమాయకంగా పార్కుకొచ్చే విలియం, నల్లబట్టల ముసలాయన ఒక్కరేనని, మనకు చూపిస్తున్నది ఒక కాలం కాదని, మధ్యలో 30 ఏళ్ల తేడా ఉందని ప్రేక్షకులు సీజన్ సగం కాకముందే పట్టేశారు. వాళ్లకు దొరికిన ఆధారాలు చూడండి. విలియం పార్కులో అడుగుపెట్టినప్పుడు గోడమీద కనిపించే పార్కు గుర్తు ఒకటి, ఇప్పటి ఆఫీసుల్లో ఉన్న గుర్తు ఇంకొకటి. మొదటి ఎపిసోడ్‌లో డొలోరెస్ అనే హోస్టు తండ్రికి మట్టిలో దొరికిన పాత ఫొటోలో ఉన్న అమ్మాయే, సీజన్ చివర్లో విలియం పెళ్లాడబోయే అమ్మాయి అని తేలింది. పార్కులో పనిచేసే బెర్నార్డ్ లోవ్ అనే ఆయన పేరును ఇంగ్లిష్ స్పెల్లింగులో తారుమారు చేస్తే, ఒక్క అక్షరం మిగలకుండా ఆర్నాల్డ్ వెబర్ వస్తుంది. పార్కును కట్టినవాళ్లలో ఒకడు, చనిపోయిన ఆర్నాల్డ్. ఆయన పోలికలతో చేసిన హోస్టే బెర్నార్డ్.

నేను ఫ్యాక్టరీలో నేర్చుకున్న పని కూడా ఇదే. రోబో నిన్న ఎలా ఉంది, ఇవాళ ఎలా ఉంది, ఏది మారింది? బోల్టు మీద గీసిన మార్కింగ్ గీత ఒక మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే ఆ బోల్టు వదులైంది. పార్కు గుర్తు మారిందని పట్టినవాడి కన్ను, బోల్టు గీత జరిగిందని పట్టినవాడి కన్ను ఒక్కటే. అందుకే థియరీలు చెప్పే పిల్లల్ని నేనెప్పుడూ టైమ్ వేస్ట్ అని కసరలేదు.

అపోహ: సీన్‌లో కనిపించే ప్రతిదీ ఒక క్లూనే.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే. ఒకప్పుడు 'పార్కు ఉన్నది భూమి మీద కాదు, అంగారకుడి మీద' అనే థియరీ బాగా తిరిగింది. మా ల్యాబులో ఒక అబ్బాయి దాన్ని గట్టిగా నమ్మాడు. సరే లెక్క చూద్దామన్నాను. డొలోరెస్ చేతిలోంచి పాలడబ్బా జారి పడే సీన్ ఉంది కదా. మీటరు ఎత్తు నుంచి పడే వస్తువుకు భూమి మీద 0.45 సెకన్లు పడుతుంది. అంగారకుడి మీద గురుత్వం మన దాంట్లో 38 శాతమే, కాబట్టి అక్కడ 0.73 సెకన్లు పట్టాలి. ఫ్రేములు లెక్కపెడితే తెలిసిపోతుంది.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడం, షూటింగ్ చేసింది భూమి మీదనే కదా. కథల అంగారకుడైనా డబ్బా గిట్లనే పడుతది."

ఆ ఒక్క మాటతో ఆ రోజు చర్చ పూర్తయింది. తెరమీద రెండు రకాల సంగతులుంటాయి. కథ చెప్పేవాళ్లు కావాలని పెట్టినవి కొన్ని: గుర్తు, ఫొటో, పేరు. కెమెరా ముందు తప్పనిసరిగా వచ్చేవి కొన్ని: డబ్బా పడే వేగం, నీడ, నటుడి ఊపిరి. మొదటి రకం మీద కట్టిన థియరీలు నిలబడ్డాయి. రెండో రకం మీద కట్టినవి కూలిపోయాయి. రెండో సీజన్‌లో పార్కు సముద్రం మధ్య ఉన్న దీవి అని చూపించడంతో అంగారకుడి ముచ్చట ముగిసింది.

'ఫలానా ఆయన కన్నార్పలేదు కాబట్టి హోస్ట్' అనే థియరీలకూ ఇదే జబ్బు. ఆ పాత్రలో ఉన్నది మనిషి. లైటు పడితే ఆర్పుతాడు, లేకపోతే ఆర్పడు. 36 ఎపిసోడ్లలో మనం ఒక్క మరమనిషినీ చూడలేదు, మరమనుషుల్లా నటించిన మనుషుల్ని చూశాం. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద రాసేదంతా సులువుగా అర్థమవుతుంది.

అపోహ: చిన్న గ్లిచ్ చాలు, యంత్రానికి ప్రాణం వస్తుంది.

సిరీస్‌లో పార్కును కట్టిన ఫోర్డ్ హోస్టులకు ఒక అప్‌డేట్ ఇస్తాడు. పాత జ్ఞాపకాల అడుగున మిగిలిన చిన్న చిన్న చేష్టలు హోస్టుల చేతుల్లోకి తిరిగొస్తాయి. ఒకావిడ పెదవి మీద వేలు రాసుకుంటుంది. తెలివి మేల్కోవడానికి దారి అక్కడి నుంచే. దీని వెనక జూలియన్ జేన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1976లో రాసిన పుస్తకం ఉంది. పాతకాలం మనుషులు తమ ఆలోచనల్నే దేవుడి గొంతుగా విన్నారని ఆయన వాదన. శాస్త్రవేత్తలు ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు గాని, కథకు మాత్రం గొప్ప బలమిచ్చింది.

ఇప్పుడు మా ల్యాబులో జరిగింది చెప్తాను. ప్రాజెక్టు ఎక్స్‌పోకి ముందు రోజు, రాత్రి ఎనిమిదవుతోంది. ప్లాస్టిక్‌లో త్రీడీ ప్రింట్ చేసిన చెయ్యి, అయిదు వేళ్లకు అయిదు సర్వో మోటార్లు. పిల్లలు ఫోన్ చేశారు. "మేడం, మనిషి దగ్గరికి పోతే వేలు కదులుతున్నది. ప్రోగ్రాం రన్ చేయనేలేదు." వెళ్లేసరికి నలుగురూ టేబుల్‌కు రెండు గజాల దూరంలో నిలబడ్డారు. నిజంగానే, చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే చూపుడు వేలు టకటకా వణుకుతోంది. దూరం జరిగితే ఆగుతోంది. మనల్ని గుర్తుపట్టినట్టే ఉంది. ఒకబ్బాయి మొహంలో సంతోషం, భయం రెండూ కనిపించాయి.

మోటార్లకు పవర్ వేరే అడాప్టర్ నుంచి, వాటికి ఆజ్ఞలిచ్చే బోర్డుకు ల్యాప్‌టాప్ నుంచి ఇచ్చారు. అలా ఇచ్చినప్పుడు రెండింటి గ్రౌండ్ వైర్లూ కలిపి ఉండాలి. కలిపారు గాని బ్రెడ్‌బోర్డు మీద ఆ వైరు సగం లేచిపోయి ఉంది. దాంతో సిగ్నల్‌ను దేనితో పోల్చి కొలవాలో మోటారుకు తెలియదు. గోడల్లోని 50 హెర్ట్జ్ కరెంటు మన ఒంటి మీద కూడా కొద్దిగా పలుకుతుంది. చెయ్యి తీగ దగ్గరికి వెళ్లగానే ఆ అలజడినే మోటారు ఆజ్ఞ అనుకుంది. వైరును నా వేలితో అదిమాను, రోబో వేలు ఆగిపోయింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

నేను చూసిన గ్లిచ్‌లన్నీ ఇలాంటివే. తప్పు జరిగితే యంత్రం ఆగుతుంది, వణుకుతుంది, గోడకు గుద్దుకుంటుంది. ముందు లేని తెలివి వదులైన వైరులోంచి రాదు. అయితే ఆ నలుగురి భయాన్ని నేను తక్కువ చేయను. కదిలేదానిలో ప్రాణం వెతకడం మన స్వభావం. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే చిన్న ప్రోగ్రాం చేశాడు. మనం టైప్ చేసిన మాటల్నే ప్రశ్నలుగా తిప్పి అడగడమే దాని పని. అంతమాత్రానికే మనుషులు దానికి మనసు విప్పి చెప్పుకున్నారు.

అపోహ: రోబోలన్నిటిలో 'మనిషికి హాని చేయకూడదు' లాంటి మూడు సూత్రాలుంటాయి, అందుకే హోస్టులు మనుషుల్ని చంపలేరు.

ఆ మూడు సూత్రాలు ఐజాక్ అసిమోవ్ 1942లో కథల కోసం రాసుకున్నవి. ఏ ఫ్యాక్టరీ రోబోలోనూ అవి లేవు. అక్కడ మనిషిని కాపాడేది కంచె, గేటు తీస్తే పవర్ పోయే స్విచ్, ఎర్రటి ఎమర్జెన్సీ బటన్. రోబోకు నీతి నేర్పరు, నువ్వు దాని దగ్గరికి వెళ్లకుండా చూస్తారు.

అపోహ: మొహం మనిషిలా చేయగలిగితే పనైపోయినట్టే.

రామప్పకు వెళ్లినవాళ్లకు ఆ మదనికలు గుర్తుండే ఉంటాయి. 1213 నాటి గుడి, నల్లరాతి బొమ్మలు. మెడ మలుపు, నడుము వంపు చూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో కదులుతుందనిపిస్తుంది. అయినా ఎవరికీ భయం వేయదు. అదే రబ్బరు చర్మం వేసిన రోబో తల మన వైపు తిరిగి కళ్లార్పితే, చూస్తున్నవాళ్లలో సగంమంది ఒక అడుగు వెనక్కి వేస్తారు. దీని గురించి జపాన్ ఇంజినీరు మసహిరో మోరి 1970లోనే రాశాడు. పోలిక పెరిగేకొద్దీ మనకు దగ్గరితనం పెరుగుతుంది, దాదాపు మనిషిలా అయ్యే చోట మాత్రం ఒక్కసారిగా లోయలో పడిపోతుంది. కదలిక ఉంటే ఆ లోయ ఇంకా లోతవుతుంది. నిలబడ్డ బొమ్మకు, నడిచే బొమ్మకు అదే తేడా.

మోరి ఆ లోయకు అవతలి ఒడ్డున పెట్టింది తోలూ రబ్బరూ వేసిన రోబోను కాదు, జపాన్ వాళ్ల బున్రాకు కొయ్యబొమ్మను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు మన వరంగల్ వైపు కొయ్యబొమ్మలాట గుర్తొస్తుంది. అది మనిషిలా లేదని అందరికీ తెలుసు. అయినా ఆడించే చెయ్యి బాగుంటే బొమ్మ ఏడిస్తే మనకు ఏడుపొస్తుంది. మనసును పట్టేది చర్మం కాదు, కదలికలోని లయ. విక్రమార్కుడి సింహాసనం మీది సాలభంజికలు మాట్లాడితే కథ విన్నాం గాని, వాటి చర్మం ఎలా ఉందని ఏ పిల్లవాడూ అడగలేదు.

అపోహ: మాటలు వచ్చేశాయి, ఇక ఒళ్లెంతసేపు? అయిదేళ్లలో హోస్టులు వచ్చేస్తాయి.

ఈ మాట గత రెండు మూడేళ్లలో బాగా పెరిగింది. ఫోన్లో మాట్లాడే ఏఐని చూసి, దానికో ఒళ్లు తగిలిస్తే చాలనుకుంటున్నారు. పెద్దవాళ్ల తెలివితేటల పరీక్షలు యంత్రానికి సులువు, ఏడాది పాప చేసే పనులే కష్టం అని హాన్స్ మొరావెక్ 1988లోనే రాశాడు. నా అనుభవం కూడా అదే.

ముందు తిండి లెక్క చూడండి. మనిషి రోజుకు తినే 2000 కేలరీలు కరెంటులో చెప్పాలంటే సుమారు 2.3 యూనిట్లు. అంత కరెంటు ఇవాళ్టి మంచి లిథియం బ్యాటరీలో దాచాలంటే సెల్సే తొమ్మిది కిలోల పైన ఉంటాయి. పైగా మోటార్లు మన కండరాలంత పొదుపుగా నడవవు. అందుకే ఇప్పటి మనిషి ఆకారపు రోబోలు కొన్ని గంటలకే చార్జింగ్ అడుగుతాయి. మన మెదడు పని చేసేది 20 వాట్లతో, అంటే ఇంట్లో ఎల్‌ఈడీ ట్యూబులైటుకయ్యే కరెంటుతో. సిరీస్‌లో హోస్టులు రోజంతా గుర్రాల మీద తిరుగుతారు.

ఇక చేతుల సంగతి. 1973 సినిమాలో ఒక చిన్న వివరం ఉంది, అది నాకు చాలా ఇష్టం. ఎవరు మనిషో ఎవరు రోబోనో తెలుసుకోవాలంటే చేతులు చూడాలి, వాళ్లకు చేతులు చేయడం మాత్రం ఇంకా సరిగా రాలేదు అంటారు అందులో. యాభై ఏళ్లు దాటినా ఆ మాట నిజంగానే ఉంది. మన అరచేతి వైపు చర్మంలో, వేళ్లతో కలిపి, స్పర్శ తెలిపే నరాల కొసలు 17,000 దాకా ఉన్నాయి. వస్తువు జారబోతోందని కన్ను చూడకముందే వేలికి తెలిసిపోతుంది.

ఏనుమాముల మార్కెట్ దగ్గర పెరిగిన అమ్మాయి ఒకతె ఈ ఏడాది ప్రాజెక్టుగా ఎండుమిర్చి తొడిమలు తీసే చెయ్యి చేస్తానంది. సీజన్‌లో వాళ్లమ్మ రోజంతా కూర్చుని అదే పని చేస్తుందట, రాత్రికి వేళ్లు మండి అన్నం కలుపుకోలేదట. ఒక కవర్లో చపాట కాయలు, ఇంకో కవర్లో తేజ కాయలు తెచ్చింది. మొదటి రోజు కాయల్ని చెయ్యి నలిపేసింది, గింజలు టేబుల్ నిండా పడ్డాయి, అందరం తుమ్ముతూ కిటికీలు తెరిచాం. పట్టు తగ్గిస్తే కాయ జారిపోయింది. ఎండుకాయ తోలు నున్నగా ఉంటుంది, లోపల గాలే. ఒక కాయకు సరిపోయిన బలం పక్క కాయకు సరిపోదు. వాళ్లమ్మ రెండు వేళ్లతో పట్టి, బొటనవేలి గోటితో తుంచేసేది కళ్లు మూసుకుని చేస్తుంది. మేము మూడు వారాలుగా పట్టుకోవడం దగ్గరే ఉన్నాం.

పోయిన శనివారం ఆ అమ్మాయి సైకిల్ ట్యూబు ముక్కలు కోసి వేళ్ల చివర అంటించింది. దాని కింద సన్నటి ప్రెషర్ సెన్సార్ పెట్టింది. పది చపాట కాయల్లో ఆరు విరగకుండా లేచాయి. తేజ కాయలు ఒక్కటి కూడా లేవలేదు, అవి మరీ సన్నం. ట్యూబు ముక్కకు బ్లేడుతో అడ్డంగా గాట్లు పెట్టి చూస్తానంటోంది, మన వేలిముద్రల గీతల్లాగ. సోమవారం ల్యాబుకు కొత్త కాయలు తెస్తుంది.