స్టూడియోలో గెలిచి షాపులో ఓడిన ఆల్బమ్: గిటార్ బ్యాండ్ల నోట నేను వినే అపోహలు

హైదరాబాద్‌లో చిన్న స్టూడియోలో మిక్సింగ్ చేస్తుంటాను, అంటే విడివిడిగా రికార్డయిన గొంతుల్ని, వాయిద్యాల్ని ఒక పాటగా కలుపుతుంటాను. సినిమా పనులు అలా ఉంచితే, సొంతంగా పాటలు కట్టుకుని ఆల్బమ్ చేద్దామని వచ్చే గిటార్ బ్యాండ్ల కుర్రాళ్ళతోనే నాకు ఎక్కువ కాలక్షేపం. బ్యాండ్లు మారుతుంటాయి గానీ వాళ్ళ నమ్మకాలు మాత్రం మారవు. వాటికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఒకటే కథ ఎత్తుకుంటాను. అమెరికాలోని మెంఫిస్‌లో 'బిగ్ స్టార్' అనే బ్యాండ్ 1972లో తెచ్చిన 'నంబర్ 1 రికార్డ్' అనే ఆల్బమ్ కథ. పేరు చూసి మోసపోకండి, అది ఒకటో నంబరు దరిదాపులకి కూడా పోలేదు. బ్యాండ్ పేరు కూడా అరువు సొమ్మే. వాళ్ళు రికార్డింగ్ చేసుకున్న స్టూడియోకి దగ్గర్లో ఉన్న సూపర్ మార్కెట్ పేరది.

అపోహ: పాట బాగుంటే చాలు, జనమే వెతుక్కుంటూ వస్తారు.

వెతుక్కుంటూ షాపుకి వెళ్తే అక్కడ సరుకు ఉండాలి కదా! బిగ్ స్టార్‌కి దెబ్బ తగిలింది అక్కడే. అలెక్స్ చిల్టన్, క్రిస్ బెల్, ఆండీ హమ్మెల్, జోడీ స్టీఫెన్స్ అనే నలుగురి బ్యాండ్ అది. చిల్టన్ అప్పటికే పేరున్న గాయకుడు. 1967లో పదహారేళ్ళ వయసులో అతను పాడిన పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆల్బమ్ బయటికి రాగానే రివ్యూలు రాసినవాళ్ళు ఆకాశానికెత్తారు. ఇందులో ఏ పాటనైనా సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వదలొచ్చని 'బిల్‌బోర్డ్' పత్రిక రాసింది. ఇంతకంటే ఏం కావాలి?

కావలసింది పంపిణీ. ఆల్బమ్‌ని షాపులకి చేర్చాల్సింది స్టాక్స్ రికార్డ్స్. అమెరికా నల్లజాతివాళ్ళ సోల్ సంగీతంలో స్టాక్స్ దిగ్గజమే గానీ, తెల్ల కుర్రాళ్ళ గిటార్ పాప్‌ని ఎవరికి, ఎలా అమ్మాలో వాళ్ళకి అంతు చిక్కలేదు. రేడియోలో విని షాపుకి వెళ్ళినవాళ్ళకి రికార్డు దొరకలేదు. తర్వాత పంపిణీ కొలంబియా అనే పెద్ద రికార్డు కంపెనీ చేతికి వెళ్ళినా ఒరిగిందేమీ లేదు. అప్పట్లో 10 వేల కాపీలు కూడా అమ్ముడుపోలేదంటారు. ఆ ఏడాది చివరికల్లా క్రిస్ బెల్ బ్యాండ్ వదిలేశాడు.

దీన్ని పాత కాలం గొడవ అనుకోకండి. కొన్నేళ్ళ క్రితం నేను మిక్స్ చేసిన ఆల్బమ్ ఒకటి స్ట్రీమింగ్‌లో అదే పేరున్న వేరే దేశపు మెటల్ (హోరెత్తించే రాక్) బ్యాండ్ పేజీలోకి వెళ్ళి కూర్చుంది. పాటలు అప్‌లోడ్ చేసిన సంస్థకి మెయిల్ మీద మెయిల్ పెట్టాం. సరి చేయడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా రిలీజ్ సందడి కాస్తా చల్లారిపోయింది. ఆ మెటల్ అభిమానులు మన ప్రేమపాటల కింద రాసిన తిట్లు మాత్రం భలే ఉన్నాయి.

అపోహ: గిటార్ పాప్ ఆల్బమ్‌కి ఒక్క రోజు చాలు, బీటిల్స్ చేయలేదా?

చేశారు. 1963 ఫిబ్రవరి 11న, లండన్‌లో. కాకపోతే ఆ తొలి ఆల్బమ్‌లోని 14 పాటల్లో నాలుగు అంతకుముందే సింగిల్స్‌గా వచ్చేశాయి, ఆ రోజు చేసినవి పది. అంతకుముందు జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో, తమ ఊరు లివర్‌పూల్‌లోని కావెర్న్ క్లబ్బులో ఏళ్ళ తరబడి వాయించారు. వేళ్ళకి కంఠతా వచ్చేసిన పాటలవి. బీటిల్స్ గాయకుల్లో ఒకడైన జాన్ లెనన్‌కి ఆ రోజు జలుబు. అందుకే గొంతు చించుకుని పాడాల్సిన పాటని ఆఖరికి దాచారు, ముందే పాడితే మిగతావాటికి గొంతు ఉండదని.

బిగ్ స్టార్ దారి వేరు. ఆర్డెంట్ స్టూడియోస్ యజమాని జాన్ ఫ్రై ఆ కుర్రాళ్ళకి రికార్డింగ్ పని నేర్పి, స్టూడియో ఖాళీగా ఉండే రాత్రుళ్ళు వాళ్ళకే వదిలేశాడు. ఆ ఆల్బమ్‌లో గిటార్లు, గొంతులు పొరలు పొరలుగా పేరుకున్నా ఏదీ మసకబారదు. మీరు ముందు తేల్చుకోవాల్సింది మీది ఏ రకమని. పాట ఇంకా చేతికి రాకుండా ఒక్క రోజుకి స్టూడియో బుక్ చేసుకుంటే ఆ రోజంతా రిహార్సల్‌కే పోతుంది, బిల్లు మాత్రం రికార్డింగ్‌కి పడుతుంది.

అపోహ: రెండో గిటార్‌కి మొదటిదే కాపీ చేసి పెడితే సరిపోతుంది.

మొన్ననే ఒకబ్బాయి, "అన్నా, మళ్ళీ వాయించడమెందుకు, కాపీ పేస్ట్ చేసెయ్" అన్నాడు. సరేనని అతని ముందే చేసి చూపించాను. ఒకే టేక్‌ని (ఒకసారి వాయించిన రికార్డింగ్‌ని) ఎడమకి ఒకటి, కుడికి ఒకటి పెడితే రెండూ కలిసి మళ్ళీ నడిమధ్యకే వచ్చాయి. శబ్దం పెరిగింది తప్ప విస్తీర్ణం రాలేదు. అప్పుడు గిటార్ చేతికిచ్చి అయిదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) మీద కేపో పెట్టించాను, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు అది. మొదటి టేక్‌లో మామూలు జీ కార్డ్ ఉంది. ఇప్పుడు కేపో పెట్టి డీ ఆకారం పట్టుకుంటే మోగేది అదే జీ, కాకపోతే కాస్త పై తీగల మీద. రెండు టేక్‌ల స్ట్రమింగ్‌లో వెంట్రుకవాసి తేడా పడింది, దాంతో రెండు గిటార్లు ఎడమా కుడీ విడివిడిగా వినిపించాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. ఏమీ అనలేదు, మిగతా ఆరు పాటలకీ కేపో తీసుకుని కూర్చున్నాడు.

అపోహ: ఖరీదైన గిటార్ ఉంటేనే శబ్దానికి మెరుపు వస్తుంది.

కొత్త తీగలు వేయించండి, శ్రుతి చూసుకోండి. దీని మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: ఇవాళ కాకపోతే రేపు, ఎప్పటికైనా గుర్తింపు వచ్చి తీరుతుంది.

ఈ మాటకి కూడా బిగ్ స్టార్‌నే ఉదాహరణగా చూపిస్తుంటారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నిజమే, 80ల్లో ఆర్.ఇ.ఎమ్. లాంటి బ్యాండ్లు వాళ్ళ పేరు చెప్పుకున్నాయి, రికార్డులు మళ్ళీ అచ్చయ్యాయి, 1993లో చిల్టన్, స్టీఫెన్స్ బిగ్ స్టార్ పేరుతో మళ్ళీ వేదికెక్కారు. మరి మధ్యలో సంగతి? క్రిస్ బెల్ 1978 డిసెంబరులో కారు ప్రమాదంలో 27 ఏళ్ళకే పోయాడు. ఈ మర్యాదలేవీ చూడలేదు. చిల్టన్ 80ల మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో హోటల్ అంట్లు తోమాడు. ఆలస్యంగా వచ్చిన పేరు అభిమానులకి తీపి కథే గానీ, అది వచ్చేదాకా అద్దె కట్టాల్సింది బ్యాండ్ వాళ్ళే.

అందుకే, రావాల్సిన పేరూ డబ్బూ దారి తప్పకూడదని, మిక్స్ మొదలుపెట్టకముందే ఒక కాగితం ఇచ్చి నింపుకురమ్మంటాను. పాట పేరు, రాసినవాళ్ళు, వాయించినవాళ్ళు, ఎవరి వాటా ఎంత, బ్యాండ్ పేరుతో ఇంకెవరైనా ఉన్నారా. కేపో కుర్రాడి బ్యాండ్ మిక్స్ అయిపోయి వారం దాటింది. కాగితం మాత్రం రెండుసార్లు తిప్పి పంపాను. డ్రమ్మర్ ఇంటిపేరు స్పెల్లింగ్ ఇంకా తేలలేదు.