డ్రోన్ పైలట్ పని: కర్నూలు వైపు వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కర్నూలు జిల్లాలో డ్రోన్‌తో రెండు పనులు చేస్తుంటాను: పొలాల్లో మందు కొట్టడం, గనుల సర్వే. ఓర్వకల్లుకు డ్రోన్ సిటీ వస్తుందన్న వార్త వచ్చినప్పటి నుంచి కుర్రాళ్ళ ఫోన్లు ఎక్కువయ్యాయి. ‘అన్నా, కోర్సు ఎక్కడ చేయాలి? నెలకు ఎంతొస్తుంది?’ అందరూ అడిగేది ఈ రెండే. ఈ రెండింటికీ మధ్య చాలా ఉంది.

అపోహ: ఇంజనీరింగ్ చదివుండాలి, పాస్‌పోర్ట్ ఉండాలి, లైసెన్స్ కోసం ఢిల్లీ చుట్టూ తిరగాలి.

పదో తరగతి పాసై, వయసు 18 నుంచి 65 మధ్య ఉంటే చాలు. 2021 డ్రోన్ రూల్స్‌ను 2022 ఫిబ్రవరిలో సవరించాక లైసెన్స్ తీసేసి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ పెట్టారు. డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో కోర్సు చేసి పరీక్ష పాసైతే ఇస్తారు, పదేళ్ళు చెల్లుతుంది. ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కూడా ఈ అనుమతి ఉంది. పాస్‌పోర్ట్ షరతు 2023 సెప్టెంబర్‌లో పోయింది, ఓటర్ కార్డో రేషన్ కార్డో డ్రైవింగ్ లైసెన్సో సరిపోతుంది. శిక్షణ ఫీజు వేరు, అది సంస్థను బట్టి ఉంటుంది. సర్టిఫికెట్‌కు నిబంధనల్లో ఉన్న ఫీజు మాత్రం 100 రూపాయలు. ‘నేను తెప్పిస్తా, పదివేలు ఇవ్వు’ అనేవాడికి దండం పెట్టి పంపేయండి.

అపోహ: ఆ సర్టిఫికెట్ ఉంటే ఏ డ్రోనైనా ఎగరేయొచ్చు.

కుదరదు. మీరు ఏ తరగతి డ్రోన్ మీద నేర్చుకున్నారో సర్టిఫికెట్‌లో అదే రాస్తారు. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. మందు కొట్టే డ్రోన్లు ఎక్కువగా 10 లీటర్ల ట్యాంకుతోనే ఎందుకు వస్తాయంటే, ట్యాంకు నింపాక కూడా మొత్తం బరువు 25 కిలోలు దాటకూడదని. కాబట్టి పొలం పనికి పోవాలనుకునేవాళ్ళు ఫీజు తక్కువని మైక్రో కోర్సులో చేరితే ఆ డబ్బు దండగే. చేరేముందే అడగండి.

పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు మాకివేవీ వర్తించవంటారు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బుకు పని చేస్తే సర్టిఫికెట్ ఉండాల్సిందే. పైగా 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. ఎవరో దొడ్డిదారిన తెచ్చి అమ్మినదానికి రిజిస్ట్రేషన్ నంబర్ రాదు. నంబర్ లేని డ్రోన్ పట్టుబడితే జరిమానా లక్ష రూపాయల దాకా పోవచ్చు.

అపోహ: మన పొలం, మన డ్రోన్, ఎవరినీ అడగక్కర్లేదు.

పొలం మీది కావచ్చు, దాని మీద ఆకాశం మీది కాదు. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్ ‘డిజిటల్ స్కై’లో గ్రీన్ జోన్ ఉన్నచోట 400 అడుగుల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. అంతకన్నా దగ్గరైతే అనుమతి లేకుండా లేపకూడదు. కడప ఎయిర్‌పోర్ట్ ఊరికి దగ్గరే కాబట్టి అక్కడి కుర్రాళ్ళకు ఇది రోజూ తగిలే సమస్య. మాకు ఓర్వకల్లు విమానాశ్రయం ఒకటైతే, అదే వైపు డీఆర్‌డీవో పరీక్షా కేంద్రం ఇంకొకటి. 2025 జూలైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని పరీక్షించింది అక్కడే. అటువైపు పని ఒప్పుకునే ముందు మ్యాప్ చూడండి. ఊళ్ళో పెద్దమనిషి ‘ఏం కాదులే’ అన్నాడని లేపకండి.

అపోహ: ఎకరాకు 500, రోజుకు 30 ఎకరాలు. అంటే రోజుకు 15 వేలు.

ఈ లెక్క చూసే చాలామంది అప్పు చేస్తున్నారు. ఎకరానికి ఏడెనిమిది నిమిషాలే పడుతుంది, అది నిజమే. మిగతా సమయం ఎక్కడికి పోతుందో చెప్తాను. ఒక బ్యాటరీ సెట్ పది, పదిహేను నిమిషాలు వస్తుంది. పొలంలో కరెంటు ఉండదు కాబట్టి నాలుగైదు సెట్లు, జనరేటర్, బండి, నీళ్ళు, పక్కన ఒక మనిషి ఉండాలి. ఎండాకాలం వేడెక్కిన బ్యాటరీ చల్లారేదాకా చార్జింగ్ పెట్టకూడదు. బ్యాటరీలు కొన్ని వందల సార్లు చార్జ్ చేశాక వాడుకకు పనికిరావు. కొత్త సెట్ కొనే డబ్బు ఎకరాకింత అని మొదటి రోజు నుంచే పక్కన పెట్టాలి.

తర్వాత గాలి. అనంతపురం వైపు అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఉదయం ఆరుకు మొదలుపెడితే తొమ్మిది, పది గంటలకు ఆపేయాల్సి వస్తుంది, మళ్ళీ సాయంత్రమే. గాలిలో కొట్టిన మందు పక్క పొలంలో పడుతుంది. అది కలుపుమందైతే పంట పోతుంది, తగాదా మీ మెడకు చుట్టుకుంటుంది. మడకశిర, హిందూపురం వైపు అయితే మల్బరీ తోటలు ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి. పురుగుమందు పడిన ఆకు తింటే పట్టుపురుగులు చచ్చిపోతాయి.

రైతును ఒప్పించడం ఇంకో పని. పవర్ స్ప్రేయర్‌తో ఎకరాకు 150, 200 లీటర్ల నీళ్ళు పోసిన మనిషికి పది లీటర్లతో కొడతామంటే నమ్మకం కుదరదు. ‘ఆకు తడవలేదే’ అంటాడు. వాదించకుండా ఒక మడి కొట్టి మూడు రోజులాగి చూడమనండి. పత్తి, మిరప, శనగ పంటల కాలంలో ఫోన్ ఆగదు. ఫిబ్రవరి దాటాక మోగదు. డబ్బు కూడా పంట అమ్మాకే ఇస్తామంటారు. కరెంటు తీగలు, బోరు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్, గట్టు మీద తుమ్మచెట్టు... ఇవన్నీ ముందు నడిచి చూసుకోకపోతే ఒక్క దెబ్బకు నెల సంపాదన పోతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, కానీ అది ఎదుటివాడి నష్టానికి. మీ డ్రోన్‌కు విడిగా తీసుకోవాలి.

అపోహ: ఆడవాళ్ళకు ప్రభుత్వం డ్రోన్ ఉచితంగా ఇస్తుంది.

నమో డ్రోన్ దీదీ పథకం డ్వాక్రా సంఘాలకు, విడి మనుషులకు కాదు. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సబ్సిడీ. మిగతాది సంఘం పెట్టుకోవాలి, అప్పు సౌకర్యం ఉంది. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ ఇస్తారు. అక్కచెల్లెళ్ళకు నా సలహా ఒకటే: డ్రోన్ రిపేరుకొస్తే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడో ముందే కనుక్కోండి. సీజన్లో వారం ఆగితే ఆ ఏడు కోలుకోవడం కష్టం.

ఇక సర్వే. ఎగరేయడం వస్తే సర్వే వచ్చినట్టే అనుకుంటారు. 2021 నవంబర్ నుంచి 50 హెక్టార్లు, ఆ పైన ఉన్న ప్రధాన ఖనిజ లీజులకు, లేదా ఏడాదికి 10 లక్షల టన్నులు తవ్వే ప్లాన్ ఉన్నవాటికి ఏటా డ్రోన్ సర్వే తప్పనిసరి చేశారు. తాడిపత్రి వైపు సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటంతో ఈ పని దొరుకుతుంది. కానీ గని యజమాని డబ్బిచ్చేది ఫొటోలకు కాదు, ఎన్ని ఘనపు మీటర్లు తవ్వారో చెప్పే రిపోర్టుకు. దానికి నేల మీద గుర్తులు పెట్టి డీజీపీఎస్‌తో (మామూలు జీపీఎస్ కన్నా కచ్చితంగా స్థానం చెప్పే పరికరం) కొలవాలి, తర్వాత కంప్యూటర్ ముందు రెండు మూడు రోజులు కూర్చోవాలి. ఐటీఐ సివిల్, డిప్లొమా సర్వే చదివిన కుర్రాళ్ళు ఇందులో తొందరగా కుదురుకుంటున్నారు. మిగతావాళ్ళు కొన్నాళ్ళు ఒక సర్వేయర్ దగ్గర చేరి, గుర్తులు పెట్టడం నుంచి నేర్చుకుంటే మేలు.