తెరుచుకోని తాళాలు: లినక్స్ ఎన్‌క్రిప్టెడ్ డిస్కులపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో నా రిపేరు షాపు. ఆడిటర్ల గుమస్తాలు, రొయ్యల హేచరీల వాళ్లు, చీమకుర్తి గ్రానైట్ లెక్కలు రాసేవాళ్లు లుక్స్ (లినక్స్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) తాళం వేసిన డిస్కులు తెస్తుంటారు. అందరి మొదటి మాటా ఒకటే: "నిన్నటిదాకా తెరుచుకునిందన్నా!" నాకు గుబులు పుట్టించేది రెండో మాట: "మా బావమరిది ఏందేందో కొట్టి చూశాడు." తెరుచుకోని డిస్కులకంటే, తెరుచుకోలేదని కెలికిన డిస్కులే నా చేతిలో ఎక్కువ పోయాయి.

అపోహ: పాస్‌వర్డ్ తప్పంటోంది, కాబట్టి మర్చిపోయాం.

"నో కీ అవైలబుల్ విత్ దిస్ పాస్‌ఫ్రేజ్" అని వస్తే, మీరు కొట్టిన బైట్లతో ఏ స్లాటులోంచీ (డిస్కు అసలు కీని ఒక్కో పాస్‌వర్డుతో దాచిపెట్టే చోటు) కీ బయటికి రాలేదని మాత్రమే అర్థం. స్లాటు చెడి ఉండొచ్చు. లుక్స్ కావాలనే కీని 4,000 ముక్కలుగా పరిచి దాస్తుంది, అందులో ఒక్క బిట్టు మారినా ఆ స్లాటు పనికిరాదు. కానీ నా అనుభవంలో ముందు అనుమానించాల్సింది కీబోర్డునే. బూట్ సమయంలో లేఅవుట్ డెస్క్‌టాప్‌లో ఉన్నదే అని నమ్మకం లేదు. నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటే పక్కనున్న అంకెల మీటలు అంకెలు కొట్టవు. ఫోన్ నోట్స్‌లో దాచుకున్న పాస్‌వర్డుకు మొదటి అక్షరం తనంతట తనే పెద్దదైపోతుంది, రెండు హైఫన్లు కలిసి ఒక గీత అవుతాయి.

తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టుకునే ముచ్చట ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు. ఒకాయన "నెల్లూర్" అన్న మాటతో ముగిసే పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. కొన్ని టైపింగ్ పరికరాలు పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరాన్ని చేరుస్తాయి. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, లుక్స్‌కు మాత్రం వేర్వేరు. పాత ల్యాప్‌టాప్‌లో, అదే కీబోర్డుతో కొట్టిస్తే ఒక్క దెబ్బకు తెరుచుకుంది. ఆయన మొహం చూడాల్సింది.

కీ ఫైలు వాడేవాళ్లదీ ఇలాంటి గోలే. ఎకో కమాండుతో ఫైలు తయారుచేస్తే చివర న్యూలైన్ ఒకటి చేరుతుంది. చేత్తో కొట్టినప్పుడు ఎంటర్ దగ్గర పాస్‌వర్డ్ ఆగిపోతుంది, కీ ఫైలులో ఆ న్యూలైన్ కూడా పాస్‌వర్డులో భాగమే. ఎకోకు మైనస్ ఎన్ పెట్టి ఫైలు రాస్తే ఈ బాధ ఉండదు.

అపోహ: మూడుసార్లు తప్పు కొడితే డేటా చెరిగిపోతుంది.

లుక్స్‌లో అలాంటి లెక్క పెట్టే ఏర్పాటే లేదు. బూట్‌లో మూడు తప్పులకు వెళ్లగొట్టేది పైనున్న స్క్రిప్టు. మళ్లీ ఆన్ చేసి కొట్టుకోండి.

అపోహ: ఎండాకాలం కరెంటు కోతకు ఎన్‌క్రిప్షన్ పాడైపోయింది.

రోజూ ఫైళ్లు రాస్తున్నప్పుడు లుక్స్ హెడర్ (డిస్కు మొదట్లో కీ స్లాట్లు ఉండే భాగం) జోలికి ఎవరూ పోరు. తెరిచేటప్పుడు చదువుతారు, పాస్‌వర్డ్ మార్చేటప్పుడు రాస్తారు, అంతే. కరెంటు పోతే దెబ్బ తగిలేది సాధారణంగా లోపలి ఫైల్ సిస్టమ్‌కు. అంటే తాళం తెరుచుకుంటుంది, మౌంట్ అవ్వదు (లోపలి ఫైళ్లు కనిపించవు). ఈ రెండింటికీ తేడా తెలియక ఎన్‌క్రిప్టెడ్ డిస్కుమీదే ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించి సరిచేసే కమాండు) నడిపేవాళ్లున్నారు. అది నడపాల్సింది తాళం తీశాక కనిపించే మ్యాపర్ డివైస్ మీద. అదీ మొదటిసారి ఏమీ రాయకుండా, చూసి చెప్పమని.

తాళం తెరుచుకుని లోపల మౌంట్ కాకపోవడానికి ఇంకో కారణం, కంటైనర్ ఫైలు (డిస్కులా వాడే, తాళం వేసిన ఒకే పెద్ద ఫైలు) సగమే కాపీ కావడం. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. హెడర్ మొదట్లోనే ఉంటుంది గనక తెగిన ఫైలు కూడా పాస్‌వర్డ్ ఒప్పుకుంటుంది. ముందు సైజు చూడండి.

అపోహ: విండోస్ "ఇనిషియలైజ్" అంటే ఓకే కొట్టాం, ఫార్మాట్ కొట్టలేదుగా, ఏం కాదు.

పార్టిషన్ లేకుండా మొత్తం డిస్కుకే తాళం వేసి ఉంటే, ఇదే నాకు అన్నిటికన్నా బాధ కలిగించే కేసు. లుక్స్2 (లుక్స్ కొత్త వెర్షన్) తన మెటాడేటాను (హెడర్‌లోని వివరాలను) రెండు నకళ్లుగా ఉంచుతుంది. విండోస్ ఎంబీఆర్ (పాత రకం పార్టిషన్ పట్టిక) రాస్తే పోయేది మొదటి 512 బైట్లే కాబట్టి రెండో నకలుతో బయటపడొచ్చు. జీపీటీ (కొత్త రకం పట్టిక) రాస్తే కథ వేరు. అది మొదటి 34 సెక్టార్లు, అంటే 17,408 బైట్లు ఆక్రమిస్తుంది. మామూలుగా రెండో నకలు మొదలయ్యేది 16,384 దగ్గర. రెండు నకళ్లూ దెబ్బతింటాయి. హెడర్ బ్యాకప్ లేకపోతే ఆ డిస్కు నాకు తేవడానికి పడే ఆటో ఛార్జీ కూడా దండగే.

అపోహ: పాత కంప్యూటర్లో తెరుచుకోలేదు, డిస్కు పోయింది.

లుక్స్2 వాడే ఆర్గాన్2 (పాస్‌వర్డును కీగా మార్చే లెక్క) పద్ధతి తెరిచేటప్పుడు 1 జీబీ దాకా ర్యామ్ అడగొచ్చు. 16 జీబీ మెషీన్లో తయారైన డిస్కును 1 జీబీ డొక్కులో పెడితే ఊపిరాడదు. హెడర్ వివరాలు చూపే లుక్స్‌డంప్‌ కమాండులో మెమరీ అన్న వరస చూస్తే ఎంత కావాలో తెలుస్తుంది.

అపోహ: వెరాక్రిప్ట్ (లుక్స్ లాంటి ఇంకో ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్) ఫైలును లినక్స్ ఒట్టి "డేటా" అంటోంది, కాబట్టి చెడిపోయింది.

అది చెడిపోలేదు. వెరాక్రిప్ట్‌కు గుర్తు ఉండదు, ఉండకూడదనే దాని ఉద్దేశం. హెడర్ నిజంగానే చెడితే, వాల్యూమ్ చివర ఒక బ్యాకప్ హెడర్ ఉంటుంది. మౌంట్ ఆప్షన్లలో దాన్ని వాడమని టిక్కు పెట్టండి. అదీ కాకపోతే పాస్‌వర్డుతోపాటు ఇవ్వాల్సిన పిమ్ నంబరు పెట్టి మర్చిపోయారేమో గుర్తు చేసుకోండి.

ఏ కేసైనా నా పద్ధతి ఒకటే. డీమెసెగ్ (లినక్స్ కెర్నెల్ సందేశాలు చూపే కమాండు) చూస్తాను. రీడ్ ఎర్రర్లు ఉంటే చెడుతున్న డిస్కును కాపీ చేసే డీడీరెస్క్యూతో నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయోగాలు. డిస్కు ఇంకా తెరిచే ఉండి హెడర్ పోయిందని తెలిస్తే మాత్రం దాన్ని ఆపవద్దు, ముందు ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి. ఒకసారి మూస్తే మళ్లీ తెరవలేరు.

అపోహ: హెడర్ బ్యాకప్ తీసి పెట్టాం, ఇక పాస్‌వర్డ్ మార్చుకుంటే చాలు.

లుక్స్‌హెడర్‌బ్యాకప్ కమాండుతో బ్యాకప్ తప్పకుండా తీయండి, లుక్స్2లో మామూలుగా అది 16 ఎంబీయే. కానీ మానేసిన గుమస్తాకు తెలిసిన పాత పాస్‌వర్డ్ ఆ పాత బ్యాకప్‌తో ఇప్పటికీ డిస్కు తెరుస్తుంది. పాస్‌వర్డ్ మార్చిన రోజే కొత్త బ్యాకప్ తీసి, పాతదాన్ని పెన్‌డ్రైవ్‌లోంచి, మెయిల్లోంచి, మీరు మర్చిపోయిన ఆ మూడో చోటినుంచి కూడా తీసెయ్యండి.