బాయిలర్ టెంపరేచర్ కంట్రోలర్ సెట్టింగులు: అపోహలు - వాస్తవాలు

వేడినీటి బాయిలర్‌కు కొత్త కంట్రోలర్ బిగించాక చాలాచోట్ల జరిగేది ఒక్కటే. సెట్ పాయింట్ (నీరు చేరాల్సిన ఉష్ణోగ్రత) 80 అని పెట్టి ప్యానెల్ తలుపు మూసేస్తారు. మిగతా పారామీటర్లన్నీ ఫ్యాక్టరీలో పెట్టినట్టే ఉండిపోతాయి. మీరు వాడుతున్న సెన్సర్ ఏదో, బర్నర్ ఏదో, బాయిలర్‌లో ఎన్ని లీటర్ల నీరుందో ఫ్యాక్టరీకి తెలియదు. వాటిని కంట్రోలర్‌కు చెప్పాల్సింది మీరే.

అపోహ: డిస్‌ప్లేలో కనిపించే అంకే నీటి ఉష్ణోగ్రత

కంట్రోలర్ నేరుగా కొలిచేది మిల్లీవోల్టులను, లేదంటే ఓంలను. మీరు ఇన్‌పుట్ టైప్‌లో ఏ సెన్సర్ ఎంచుకుంటే ఆ పట్టిక ప్రకారం దాన్ని డిగ్రీల్లోకి మార్చి చూపిస్తుంది. బాయిలర్‌లో ఉన్నది కె-టైప్ థర్మోకపుల్ (తన కొనకూ ప్యానెల్ దగ్గరి చివరకూ ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి మిల్లీవోల్టులిచ్చే సెన్సర్), కంట్రోలర్‌లో ఎంచుకున్నది జె-టైప్ అనుకుందాం. ప్యానెల్ దగ్గర 25 డిగ్రీలుంటే, నీరు 85 డిగ్రీలకు చేరినా డిస్‌ప్లే 72 దగ్గరే ఉంటుంది. సెట్ పాయింట్ 80 పెడితే నీరు 95 దాటేదాకా బర్నర్ ఆగదు. ఎర్రర్ రాదు, అలారం మోగదు. అందుకే అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇన్‌పుట్ టైపే.

తర్వాత వైరు. థర్మోకపుల్‌ను మామూలు రాగి తీగతో పొడిగించకూడదు, దాని టైప్‌కు సరిపోయే లోహాలతో చేసిన కాంపెన్సేటింగ్ కేబులే వాడాలి. రాగి తీగ కలిపిన చోట 60 డిగ్రీలు, ప్యానెల్‌లో 35 డిగ్రీలు ఉంటే రీడింగ్ సుమారు 25 డిగ్రీలు తక్కువ వస్తుంది. ఈ తప్పు బాయిలర్‌ను అతిగా వేడెక్కిస్తుంది కాబట్టి ప్రమాదకరం. పీటీ-100కు (ఉష్ణోగ్రతను బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సర్) రాగి తీగ ఫర్వాలేదు గానీ మూడు తీగలు లాగాలి. రెండే లాగితే తీగ నిరోధం కూడా ఉష్ణోగ్రతగా లెక్కలోకి వస్తుంది. 20 మీటర్ల దూరానికి 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ రానూపోనూ దాదాపు 1.4 ఓంలు. పీటీ-100లో డిగ్రీకి 0.385 ఓం చొప్పున, రీడింగ్ మూడున్నర డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది.

సెన్సర్ తన పాకెట్‌లో (నీటిలోకి దిగి ఉండే, సెన్సర్‌ను పెట్టే గొట్టంలో) వదులుగా ఉన్నా రీడింగ్ నీటి వెనక నడుస్తుంది. మధ్యలో గాలి ఉంటే వేడి ఆలస్యంగా చేరుతుంది, ఈలోగా నీరు సెట్ పాయింట్ దాటిపోతుంది. కొనను పాకెట్ అడుగుకు ఆనించి థర్మల్ పేస్ట్ పెట్టండి. ఇది చేయకుండా పీఐడీ (సెట్ పాయింట్‌కు ఉన్న తేడాను బట్టి అవుట్‌పుట్‌ను పెంచుతూ తగ్గిస్తూ సరిచేసే పద్ధతి) విలువలతో కుస్తీ పట్టడం దండగ.

అపోహ: పీఐడీ ఉంటే ఎప్పుడూ అదే వాడాలి

ఎలక్ట్రిక్ హీటరుకు, ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని సాలిడ్ స్టేట్ రిలే) అవుట్‌పుట్‌కు పీఐడీ చక్కగా పనిచేస్తుంది. అక్కడ సైకిల్ టైమ్ (ఒక ఆన్, ఒక ఆఫ్ కలిపి పట్టే సమయం) 1 నుంచి 2 సెకన్లు పెట్టవచ్చు. అదే 2 సెకన్లు మెకానికల్ రిలేకు వదిలేస్తే ఏమవుతుందో లెక్క వేయండి: నిమిషానికి 30 సార్లు, రోజుకు 43,200 సార్లు. పూర్తి లోడ్‌పై లక్ష సార్లకు రేట్ చేసిన రిలే మూడో రోజుకే ఆయుష్షు తీరి కూర్చుంటుంది. 20 సెకన్లు పెట్టినా నెల లోపే లక్ష దాటుతుంది. కాంటాక్టులు కాలిపోవడం ఒక సమస్య. అతుక్కుపోవడం అంతకన్నా పెద్ద సమస్య, ఎందుకంటే అప్పుడు హీటర్ ఆగదు.

ఒకే స్టేజీ గ్యాస్ లేదా ఆయిల్ బర్నర్‌కు టైమ్ ప్రొపోర్షనింగ్ పీఐడీ (ప్రతి సైకిల్‌లో ఆన్‌గా ఉండే సమయాన్ని మార్చే పద్ధతి) అసలు పనికిరాదు. ప్రతి స్టార్ట్‌కూ ముందు ఫ్యాన్ పర్జ్ (లోపలి వాయువును ఫ్యాన్‌తో బయటికి ఊదేయడం), తర్వాత ఇగ్నిషన్, ఆపై ఫ్లేమ్ నిర్ధారణ జరగాలి. ఆ క్రమం పూర్తయ్యేలోపే కంట్రోలర్ ఆఫ్ అంటే బర్నర్ అరుగుతుంది తప్ప నీరు వేడెక్కదు. దానికి ఆన్-ఆఫ్ మోడే సరైనది. చాలా మోడళ్లలో ప్రొపోర్షనల్ బ్యాండ్‌ను (అవుట్‌పుట్ క్రమంగా తగ్గే ఉష్ణోగ్రతల పరిధిని) సున్నా చేస్తే ఈ మోడ్‌లోకి మారుతుంది. హిస్టరిసిస్ (బర్నర్ ఆగే, మళ్లీ వెలిగే ఉష్ణోగ్రతల మధ్య తేడా) 5 నుంచి 10 డిగ్రీలు ఇవ్వండి. 1 డిగ్రీ దగ్గర వదిలేస్తే బర్నర్ పదే పదే ఆగి వెలుగుతుంది. హిస్టరిసిస్ సెట్ పాయింట్‌కు ఒకవైపే పనిచేస్తుందా, రెండువైపులా పంచుతుందా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. మాన్యువల్‌లో ఆ బొమ్మ చూడకుండా అంకె పెట్టకండి.

అపోహ: ఆటో ట్యూన్ నొక్కితే పని అయిపోయినట్టే

ఆటో ట్యూన్ హీటర్‌ను పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్ చేస్తూ ఉష్ణోగ్రత ఎలా ఊగుతుందో గమనించి, దాన్నిబట్టి పీఐడీ విలువలు లెక్కిస్తుంది. వాల్వులు మూసి, పంపు ఆపి నడిపితే వచ్చే విలువలు ఆ పరిస్థితికే సరిపోతాయి. పంపు తిరుగుతూ, మామూలు లోడ్ ఉన్నప్పుడే నడపండి. ఆ సమయంలో నీరు సెట్ పాయింట్ దాటుతుంది కాబట్టి ముందు దాన్ని 10 డిగ్రీలు తగ్గించుకోండి. తర్వాత కూడా ఉష్ణోగ్రత ఊగుతూనే ఉంటే ప్రొపోర్షనల్ బ్యాండ్‌ను రెట్టింపు చేసి చూడండి. చల్లగా మొదలైనప్పుడు మాత్రమే సెట్ పాయింట్ దాటి తిరిగి కుదురుకుంటుంటే ఇంటిగ్రల్ టైమ్ (మిగిలిన తేడాను ఎంత నెమ్మదిగా సరిచేయాలో చెప్పే విలువ) పెంచండి. ఒకసారికి ఒక్క విలువే మార్చాలి.

అపోహ: సెట్ పాయింట్ పెంచితే త్వరగా వేడెక్కుతుంది

సెట్ పాయింట్‌కు దూరంగా ఉన్నంతసేపూ హీటర్ ఎలాగూ 100 శాతం మీదే ఉంటుంది. 80కి బదులు 90 పెట్టినా వేగం అదే, ఆగే చోటు మాత్రం మారుతుంది.

అపోహ: సెట్ పాయింట్ ఎంత తగ్గిస్తే అంత ఆదా

కండెన్సింగ్ బాయిలర్‌కు ఈ మాట చాలావరకు నిజం. సహజ వాయువు పొగలోని నీటి ఆవిరి సుమారు 55 డిగ్రీల కింద ద్రవంగా మారుతూ అదనపు వేడినిస్తుంది. తిరిగి వచ్చే నీరు ఎంత చల్లగా ఉంటే లాభం అంత ఎక్కువ. మామూలు బాయిలర్‌లో మాత్రం అదే ద్రవం ఆమ్లంలా పనిచేసి ఇనుమును తినేస్తుంది. అక్కడ తిరిగి వచ్చే నీరు 55 డిగ్రీల కిందికి దిగకుండా, దానిలో వేడినీరు కలిపే మిక్సింగ్ వాల్వ్ కాపాడాలి. స్నానాలకు, వంటకు వాడే నీటి నిల్వ ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

అపోహ: అలారం పెట్టాం కాబట్టి రక్షణ ఉంది

అలారం రిలే కూడా అదే సెన్సర్‌ను, అదే కంట్రోలర్‌ను నమ్ముతుంది. సెన్సర్ పాకెట్ నుంచి జారి బయటపడితే గది ఉష్ణోగ్రత చదువుతుంది. తీగ తెగలేదు కాబట్టి సెన్సర్ బ్రేక్ సూచన రాదు, హీటర్ ఆగకుండా నడుస్తుంది. లూప్ బ్రేక్ అలారం ఉంటే ఆన్ చేయండి: అవుట్‌పుట్ పూర్తిగా ఉన్నా నిర్ణీత సమయంలో రీడింగ్ కదలకపోతే అది పట్టుకుంటుంది. కానీ ఎస్‌ఎస్‌ఆర్ షార్టయినా, కాంటాక్టర్ (హీటర్‌కు కరెంటును కలిపి, తెంచే పెద్ద స్విచ్) అతుక్కున్నా కంట్రోలర్ ఆఫ్ చెప్పి ప్రయోజనం లేదు.

అసలు రక్షణ వేరుగా ఉండే హై లిమిట్ థర్మోస్టాట్. దానికి సొంత సెన్సర్, చేత్తో నొక్కే రీసెట్ ఉండాలి, అది విడి సేఫ్టీ కాంటాక్టర్‌ను గానీ బర్నర్ సరఫరాను గానీ నేరుగా తెంచాలి. ఎన్ని డిగ్రీల దగ్గర తెంచాలో బాయిలర్ తయారీదారు చెప్పిన అంకె ప్రకారమే పెట్టండి. కంట్రోలర్‌లో సెట్ పాయింట్ గరిష్ఠ పరిమితిని దానికి కనీసం 10 డిగ్రీల కింద లాక్ చేయండి.

అప్పగించే ముందు మూడు పరీక్షలు. ఒకటి, సెట్ పాయింట్‌ను ప్రస్తుత రీడింగ్ కన్నా బాగా తగ్గించండి, అవుట్‌పుట్ ఆగాలి. ఆగకపోతే కంట్రోల్ యాక్షన్ హీటింగ్‌కు బదులు కూలింగ్‌లో ఉందన్నమాట, వెంటనే మార్చండి. రెండు, సెన్సర్ తీగ ఒకటి విప్పండి, అవుట్‌పుట్ ఆగాలి. మూడు, దగ్గరే నిలబడి హై లిమిట్ డయల్‌ను నెమ్మదిగా నీటి ఉష్ణోగ్రత కిందికి తిప్పి బర్నర్ ఆగుతుందో లేదో చూడండి. డయల్‌ను మళ్లీ పాత అంకెకు తెచ్చి, రీసెట్ నొక్కి, ఆ తేదీతో పాటు పారామీటర్లన్నీ ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి.