సెకనుకు నూరుసార్లు నేసే బస్సు బోర్డు

బరంపురం నుంచి ఒక పాఠకురాలు రెండు ఫొటోలు పంపారు. రెండూ ఒకే సిటీ బస్సువి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినదాంట్లో బస్సు నెత్తిన ఉన్న డిజిటల్ బోర్డు మీద ఊరి పేరు లేదు. అడ్డంగా నాలుగు చుక్కల గీతలున్నాయి, అంతే. చీకటి పడ్డాక తీసినదాంట్లో పేరు శుభ్రంగా ఉంది. "కంటికి బాగానే కనిపించింది సార్, ఫొటోలోనే పోయింది. మా పెద్దమ్మ అది చూసి అపశకునం, ఆ బస్సు ఎక్కొద్దంటోంది. బోర్డు పాడైందా, నా ఫోన్ పాడైందా?" అని అడిగారు.

రెండూ పాడవలేదు. పెద్దమ్మగారిని ఒక విషయంలో మెచ్చుకోవాలి, ఆవిడ ఫొటోను నమ్మారు. ఫోన్ ఆ క్షణంలో చూసింది నిజమే. ఆ క్షణానికి బోర్డు మీద ఉన్నవి ఆ నాలుగు గీతలే. పూర్తి పేరు ఏ క్షణంలోనూ బోర్డు మీద ఉండదు. శకునం సంగతి ఆవిడ ఇష్టం. కాకపోతే ఈ లెక్కన దేశంలో డిజిటల్ బోర్డున్న బస్సులన్నీ ఎక్కడం మానేయాలి.

బస్సు ఎక్కడుందో బోర్డుకు ఎలా తెలుస్తుంది, ఉపగ్రహాలు ఏం చేస్తాయి, ఇంకా రెండు నిమిషాల్లో వస్తుందని చెప్పిన బస్సు పావుగంటైనా ఎందుకు రాదు, ఇవన్నీ ఇక్కడ రాయను. వాటి గురించి పేపర్లలో చాలానే వచ్చింది. నన్ను నిద్రపోనివ్వనిది ఈ నాలుగు గీతల సంగతే.

మందుల షాపు మీద, కోచింగ్ సెంటర్ గుమ్మం మీద, ఠాకురాణి యాత్ర రోజుల్లో పందిళ్ల ముందు ఎర్రటి అక్షరాలు పరిగెత్తే బోర్డులు చూసే ఉంటారు. వాటిలో ఎక్కువగా వాడే పలకను పీ10 అంటారు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 10 మిల్లీమీటర్లు కాబట్టి ఆ పేరు. పలక 32 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అడ్డంగా 32, నిలువుగా 16, మొత్తం 512 ఎల్‌ఈడీ చుక్కలు. ఇలాంటివి నాలుగు పక్కపక్కన పెడితే బస్సు ముందు బోర్డంత అవుతుంది, 2,048 చుక్కలు. బస్సుల బోర్డుల్లో చుక్కల దూరం, రంగు, గీతల వంతులు కొంచెం అటూ ఇటూ మారతాయి కానీ కీలకం ఒకటే కాబట్టి ఈ లెక్కతోనే ముందుకు పోదాం.

ఒక్కో చుక్కకు విడిగా తీగ లాగాలంటే 2,048 తీగలు కావాలి. అన్నీ ఒకేసారి వెలిగితే, చుక్కకు 20 మిల్లీఆంపియర్ల చొప్పున, దాదాపు 41 ఆంపియర్లు కావాలి. అందుకని బోర్డు చేసేవాళ్లు ఒక ఉపాయం పన్నారు. అది అర్థం కావాలంటే బరంపురంలో పట్టు మగ్గం ముందు నిలబడితే చాలు.

మగ్గం మీద పడుగు దారాలు నిలువుగా సాగి ఉంటాయి. బుటా నేయాలంటే, ఈ వరసలో ఏ పడుగు దారాలు పైకి లేవాలి, ఏవి కిందే ఉండాలి అన్నది ముందే తేలాలి. జకార్డ్ ఉన్న మగ్గంలో ఆ సంగతి చిల్లుల అట్ట చెబుతుంది. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ తెచ్చిన పద్ధతి ఇది. చిల్లు ఉంటే దారం లేస్తుంది, లేకపోతే లేవదు. నేతగాడు కాలితో తొక్కుతాడు, దారాలు విడతాయి, అడ్డదారాన్ని మోసే నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది, ఒక పేక, అంటే ఒక అడ్డదారం పడుతుంది. అట్ట మారుతుంది. మళ్లీ తొక్కుడు, మళ్లీ నాడె. నెమలి ఒక్కసారిగా చీర మీదికి రాదు, పేక తరవాత పేకగా వస్తుంది.

బోర్డులోనూ ఇదే నేత. నిలువు వరసలు పడుగు, అడ్డం వరసలు పేక. చిల్లుల అట్ట స్థానంలో షిఫ్ట్ రిజిస్టర్లనే చిప్‌లుంటాయి. పీ10 పలక వెనక్కి తిప్పి చూస్తే 74హెచ్‌సీ595 అని రాసిన చిన్న నల్ల చిప్‌లు పదహారు కనిపిస్తాయి. ఒక్కోటి 8 చిల్లుల అట్ట అనుకోండి. 16 ఇంటూ 8, మొత్తం 128 చిల్లులు. కానీ పలకలో చుక్కలు 512 కదా? అందుకే నాలుగు వంతులు. ఈ మగ్గంలో ఒక్క తొక్కుడికి నాలుగు నాడెలు ఒకేసారి పోతాయి. మొదటి వంతులో 1, 5, 9, 13 గీతలు వెలుగుతాయి. రెండో వంతులో 2, 6, 10, 14. మూడో వంతులో 3, 7, 11, 15. నాలుగో వంతులో 4, 8, 12, 16. ఇప్పుడు ఎవరి వంతు అన్నది చెప్పడానికి ఏ, బీ అనే రెండే రెండు తీగలు చాలు. 00, 01, 10, 11, నాలుగు సంకేతాలు, నాలుగు వంతులు.

ఈ యంత్రంలో నాకు బాగా నచ్చింది లాచ్ అనే తీగ. కొత్త వరస సమాచారం ఒక్కో బిట్ చొప్పున, అంటే ఒక్కో చుక్క వెలగాలా వద్దా అనే సంకేతం చొప్పున, రిజిస్టర్లలోకి నడుస్తూ వస్తుంది. ముందు వచ్చిన బిట్‌ను వెనకొచ్చేది తోస్తుంది. అలా అన్నీ తమ తమ చోట్లకు చేరేదాకా పాత వరస అలాగే వెలుగుతుంటుంది. లాచ్‌కు ఒక్క పల్స్ ఇచ్చాక కొత్తది ఒక్కసారిగా బయటికి వస్తుంది. కాలితో తొక్కేది ఈ లాచ్‌నే. అది లేకపోతే అక్షరాలు నడిచి వస్తుండగా మనకు కనిపించి, బోర్డంతా మసకమసకగా ఉండేది.

నాలుగు పలకల బోర్డుకు ఒక్కో వంతుకు 512 బిట్లు పంపాలి. బోర్డు మొత్తం సెకనుకు నూరుసార్లు నేస్తుందనుకుంటే నాలుగు వందల వంతులు, అంటే సెకనుకు 2,04,800 బిట్లు. బోర్డును నడిపే చిన్న కంప్యూటర్ చిప్, అంటే మైక్రోకంట్రోలర్, చవకదైనా ఈ పని ఆడుతూ పాడుతూ చేసేస్తుంది.

చీరకూ దీనికీ తేడా ఒకటే. చీరలో పడిన పేక అక్కడే ఉండిపోతుంది. బోర్డు మీద పేక పడిన మరుక్షణం ఊడిపోతుంది. సెకనులో నాలుగు వందలో వంతు, 2.5 మిల్లీసెకన్లు వెలిగి ఆరిపోతుంది. గుడ్డ ఎప్పటికీ పూర్తి కాదు. పూర్తయిందని అనుకునేది మన కన్నూ, దాని వెనకున్న మెదడూ.

ఇప్పుడు ఫోన్ సంగతి. మండే ఎండలో ఫోన్ కెమెరా సెకనులో రెండు వేలో వంతు మాత్రమే కన్ను తెరుస్తుంది. అంటే అర మిల్లీసెకను. బోర్డులో ఒక వంతు 2.5 మిల్లీసెకన్లని చెప్పుకున్నాం. కెమెరా కన్ను తెరిచి మూసేలోగా ఒక వంతు కూడా పూర్తి కాదు. నాలుగు గీతలు అలా వచ్చినవే. చీకట్లో అదే ఫోన్ సెకనులో ముప్పయ్యో వంతు తెరిచి ఉంచుతుంది. అప్పుడు మూడు నేతలకు పైగా పడి పేరు పూర్తిగా వస్తుంది. ఇంకో మెలిక ఉంది. ఫోన్ సెన్సర్ బొమ్మను ఒకేసారి తీసుకోదు, పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. మొత్తం చదవడానికి 20 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. బస్సు దూరంగా ఉండి బోర్డు ఫొటోలో పదో వంతే ఆక్రమిస్తే, దాన్ని చదివే సమయం 2 మిల్లీసెకన్లే, ఒకటి లేదా రెండు వంతులకు సరిపోతుంది. దగ్గరికెళ్లి బోర్డుతో ఫొటో నింపితే పైభాగంలో ఒక వంతు గీతలు, మధ్యలో ఇంకో వంతువి, కింద మరోటి పడి వింతగా వస్తుంది. ఫోన్‌ను నిలువుగా పట్టుకుంటే ఆ ముక్కలు నిలువు చారలుగా విడిపోతాయి. పిల్లలతో చేయించదగ్గ ప్రయోగం, ఖర్చు కూడా లేదు.

పిల్లలంటే గుర్తొచ్చింది. బొమ్మ కంటిపాప వెనక సెకనులో పదహారో వంతు నిలిచి ఉంటుందని ఎనిమిదో తరగతిలో చెప్పి వదిలేస్తారు. పరీక్షలో ఒక మార్కు వస్తుంది, అక్కడితో సరి. అదే మొత్తం కథైతే సెకనుకు 24 బొమ్మల సినిమా తెర నిమ్మళంగా కనిపించాలి. కానీ పాత ఫిల్మ్ ప్రొజెక్టర్లలో ఒక్కో బొమ్మను రెండు మూడుసార్లు వెలిగించి ఆర్పేవారు, సెకనుకు 48 లేదా 72 మెరుపులు వచ్చేలా. లేకపోతే తెర మిణుకుమిణుకుమని తల నొప్పెట్టేది. మిణుకు ఎప్పుడు మాయమవుతుందన్నది వెలుగు ఎంత ఉంది, కంటి మధ్యతో చూస్తున్నామా, ఓరకంటితో చూస్తున్నామా అన్నదాన్ని బట్టి మారుతుంది. చాలామందికి 50, 60 దాటాక కనిపించదు. ఓరచూపు ఇంకా చురుకు. అది మాయమయ్యాక కంటికి కనిపించేది సగటు వెలుగే. 1830లలో ఇంగ్లండ్‌లో టాల్బట్, బెల్జియంలో ప్లాటో తేల్చిన నియమం ఇది. మన బోర్డుకు దాని అర్థం, పావు వంతు సమయమే వెలిగే చుక్క పావు వంతు వెలుగే ఇస్తుంది. 41 ఆంపియర్లు దాదాపు పదికి దిగిన మాట నిజమే, వెలుగూ అంతే దిగింది. ఎండకు తట్టుకోవాలంటే ఆ పావు వంతులోనే చుక్కకు కరెంటు గట్టిగా ఇవ్వాలి.

ఫోన్ లేకుండా కూడా బోర్డును పట్టుకోవచ్చు. రాత్రిపూట బస్టాండులో కూర్చుని గట్టి మురుకులు కరకరా నములుతూ దూరంగా ఉన్న ఎల్‌ఈడీ బోర్డును చూడండి. మామూలు వీధి దీపం కదలదు. బోర్డు మీద అక్షరాలు మాత్రం వణుకుతాయి, ఒంకరపోతాయి. నమిలేటప్పుడు పుర్రెతో పాటు కళ్లూ అదురుతాయి. ఒక వంతు గీతలు కంటి లోపల ఒక చోట పడితే, మరుక్షణం వచ్చే వంతు కాస్త పక్కన పడుతుంది. నేత చెదిరిపోతుంది. బోర్డు ఎంత నెమ్మదిగా నేస్తే వణుకు అంత ఎక్కువ. మరీ వేగంగా నేసే ఖరీదైన బోర్డుల దగ్గర మురుకులు దండగే, తినడానికి తప్ప.

మరి బోర్డు నిజంగా పాడైతే ఎలా ఉంటుంది? కంటితో చూసినప్పుడే ప్రతి నాలుగో గీతా నల్లగా ఉంటే ఒక వంతును నడిపే ట్రాన్సిస్టర్ పోయినట్టు. పేరు సగం దాకా బాగుండి అక్కడి నుంచి చివరి వరకూ పిచ్చి చుక్కలు పడితే రిజిస్టర్ల గొలుసు మధ్యలో తెగినట్టు, చాలాసార్లు అది పలకల మధ్య కేబుల్ వదులైనందువల్లే. సమాచారం ఒక పలకలోంచి రెండో పలకలోకి నడుస్తుంది కాబట్టి తెగిన చోటికి ఇవతలివన్నీ క్షేమం, అవతలివన్నీ గోవిందా. గతుకుల రోడ్ల మీద తిరిగే బస్సుల్లో ఇది మామూలే.

ఇంతా చేసి 16 గీతల్లో మన లిపి పట్టించడం ఇంకో తలనొప్పి. బరంపురంలో బోర్డుల మీద ఒడియా, ఇంగ్లీషు ఉంటాయి. ఇచ్ఛాపురం వైపు వెళ్లే బస్సుల మీద తెలుగూ కనిపిస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరానికి నిలువుగా ఏడు చుక్కలు చాలు. 16 గీతలిస్తే దాన్ని రెండింతలు చేసి, గీత మందం రెండు చుక్కలు పెట్టి దర్జాగా కూర్చోబెట్టవచ్చు. ఇచ్ఛాపురం అలా కుదరదు. పైన తలకట్టుకు, దీర్ఘానికి నాలుగు గీతలు, నడుమ అక్షరానికి ఎనిమిది, కింద ఛ ఒత్తుకు నాలుగు. ఆ నాలుగు గీతల్లో ఛ వంపులు, కింద గీత అన్నీ ఇరికించాలి. చివరికి అదో మరకలా మిగులుతుంది. ఒడియాలో బ్రహ్మపుర అని రాయాలన్నా హ్మ దగ్గర ఇదే గొడవ. తాటాకు చిరగకుండా గంటంతో గుండ్రంగా తిప్పి రాశారు కాబట్టే మన రెండు లిపులూ ఇంత గుండ్రమయ్యాయని అంటారు. ఆ గుండ్రాలను ఇప్పుడు చదరపు గళ్లలో నింపుతున్నాం. చవక కంట్రోలర్లకు ఒత్తులు కూర్చడం రాదు కూడా. అందుకే ఊరి పేరును కంప్యూటర్‌లో ముందే బొమ్మగా చేసి ఎక్కిస్తారు. ఒకసారి తప్పు పడితే ఎవరో లాప్‌టాప్ పట్టుకొచ్చేదాకా ఆ తప్పు ఊరంతా తిరుగుతూనే ఉంటుంది.

దీన్ని దూరంలోకి, సెకన్లలోకి మార్చి చూడండి. మామూలు చూపున్నవాళ్ల కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణంలో ఉన్న రెండు చుక్కలను విడదీయగలదు. ఒక సెంటీమీటర్ ఎడంలో ఉన్న చుక్కలకు ఆ దూరం దాదాపు 34 మీటర్లు. ఒత్తులో గీత ఒక్క చుక్క మందమే కాబట్టి అంతకు ఇవతలికి వస్తేనే అది తేలుతుంది. రెండు చుక్కల మందమున్న ఇంగ్లీషు అక్షరం దాదాపు 70 మీటర్ల నుంచే తేలుతుంది. బస్సు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా దూసుకొస్తుంది. ఇంగ్లీషు చదివేవాళ్లకు చెయ్యెత్తడానికి ఎనిమిది సెకన్లు, తెలుగు ఒత్తు చదివేవాళ్లకు నాలుగు. అందులోనూ బోర్డు మూడు భాషలను మూడేసి సెకన్ల చొప్పున మారుస్తుంటే, ఆ నాలుగు సెకన్లలో మన భాష వంతు రాకపోవచ్చు కూడా.

చుక్కలను దగ్గర చేస్తే సరిపోదా అనిపిస్తుంది. 10 మిల్లీమీటర్ల చోట 5 పెడితే అదే జాగాలో 2,048 బదులు 8,192 చుక్కలు పడతాయి, ఒత్తుకు ఎనిమిది గీతలు దొరుకుతాయి, ఛ ఛలాగే ఉంటుంది. కానీ అక్షరం ఎత్తు పెరగలేదు, ఆ 34 మీటర్లు అలాగే ఉంటాయి. ఆకారం బాగుపడుతుంది, దూరం బాగుపడదు. దూరం కావాలంటే అక్షరమే పెద్దది కావాలి, బస్సు నెత్తి మీద అంత చోటు లేదు. నా మటుకు నాకైతే ముందు బోర్డు మీద రూట్ నంబర్‌ను కదలకుండా, మారకుండా, ఎంత పెద్దదిగా పడితే అంత పెద్దదిగా పెట్టి, మూడు భాషల పేర్లనూ తలుపు పక్క బోర్డుకు పంపేయాలనిపిస్తుంది. అక్కడ చదివేది మూడు మీటర్ల నుంచి. అప్పటికీ ఛ ఒత్తు అర్థం కాకపోతే అడగడానికి కండక్టర్ ఉండనే ఉన్నాడు.