ఇంగ్లండ్‌లో ఫ్లాటు లీజు పొడిగింపు: అపోహలు - వాస్తవాలు

లండన్‌లోనో రీడింగ్‌లోనో ఫ్లాటు కొన్న తెలుగువాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఫ్రీహోల్డర్‌తో మాట్లాడుతూనే ఉన్నామండీ, ఇంకా తేలలేదు." ఫ్రీహోల్డర్ అంటే భవనం, నేల అసలు యజమాని; లీజు అంటే ఆ ఫ్లాటును ఇన్నేళ్లని వాడుకునేందుకు మీరు కొన్న హక్కు. ఆ మాట చెప్పేసరికి లీజులో 79 ఏళ్ల చిల్లరే మిగిలి ఉంటుంది. ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: మాటలు మొదలయ్యాయి కాబట్టి 80 ఏళ్ల గడువుతో భయం లేదు.

వాస్తవం: ఈమెయిళ్లకు, "మా సర్వేయర్ చూస్తున్నారు" అనే జవాబులకు చట్టం ముందు విలువ లేదు. లీజు పొడిగింపు హక్కు ఇచ్చే 1993 చట్టం కింద మీరు సెక్షన్ 42 నోటీసు (పొడిగించమని ఫ్రీహోల్డర్‌కు ఇచ్చే చట్టబద్ధ నోటీసు) ఇచ్చిన రోజే లెక్కలోకి వస్తుంది. ఆ రోజుకి లీజులో 80 ఏళ్ల కంటే ఒక్క రోజు ఎక్కువున్నా మ్యారేజ్ వాల్యూ (పొడిగింపు వల్ల అదనంగా పుట్టే విలువ) సున్నా. సరిగ్గా 80 ఉన్నా, అంతకు తగ్గినా అందులో సగం ఫ్రీహోల్డర్‌కు కట్టాలి.

ఎంత తేడా వస్తుందో చూడండి. పొడిగించాక ఫ్లాటు విలువ 3,00,000 పౌండ్లు, గ్రౌండ్ రెంట్ (ఫ్రీహోల్డర్‌కు కట్టే నేల అద్దె) ఏటా 250 అనుకుందాం. లీజు ముగిశాక ఫ్రీహోల్డర్‌కు తిరిగొచ్చే ఫ్లాటు విలువను నేటి విలువకు తగ్గించే డిఫర్‌మెంట్ రేటు 5 శాతం, ఇకపై రావాల్సిన గ్రౌండ్ రెంట్‌ను అలాగే తగ్గించేందుకు 6 శాతం వేద్దాం. 81 ఏళ్లు మిగిలి ఉంటే ఈ రెండూ కలిపి ప్రీమియం (పొడిగింపుకు కట్టే మొత్తం) సుమారు 9,800. 79కి వచ్చేసరికి ఆ రెండు పద్దులే 10,400 అవుతాయి. పొడిగించని ఫ్లాటు విలువ 2,82,000 అనుకుంటే, దానిపైన మ్యారేజ్ వాల్యూలో సగం కింద మరో 3,800. మొత్తం 14,200. గోటితో పోయేది గొడ్డలిదాకా రావడమంటే ఇదే. ఫ్రీహోల్డర్ నెలల తరబడి జవాబివ్వకపోతే అది బద్ధకమే కానక్కర్లేదు, ఆలస్యం ఆయనకు లాభం.

ఏళ్లు లెక్కపెట్టడంలోనూ పొరపాటు పడతారు. కొన్న రోజు నుంచి కాదు, లీజు పత్రంలో రాసిన తేదీ నుంచి లెక్క. 25 మార్చి 2010 నుంచి 99 ఏళ్లంటే, మీరు 2019లో కొన్నా సరే, 2029 మార్చికి 80 ఏళ్లే మిగులుతాయి. 83 దగ్గరే పని మొదలుపెట్టండి.

ముందు సర్వేయర్ చేత విలువ కట్టించండి, తర్వాత సొలిసిటర్ చేత నోటీసు ఇప్పించండి. అందులో మీరు ఇవ్వజూపే మొత్తం తక్కువగానే రాస్తారు, కానీ మరీ నామమాత్రంగా రాస్తే నోటీసే చెల్లదు. జవాబుకు కనీసం 2 నెలల గడువు ఇవ్వాలి. ఆలోగా ఫ్రీహోల్డర్ జవాబు, అంటే కౌంటర్ నోటీసు, రాకపోతే, మీరు రాసిన షరతులకే లీజు ఇప్పించమని 6 నెలల్లోపు కౌంటీ కోర్టుకు వెళ్లవచ్చు. ఫ్రీహోల్డర్ డిపాజిట్ అడగవచ్చు: మీరు రాసిన మొత్తంలో 10 శాతం లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. నోటీసును ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించడం మరవకండి. మధ్యలో ఫ్రీహోల్డ్ చేతులు మారితే కాపాడేది అదే.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ తర్వాత. కౌంటర్ నోటీసు వచ్చిన 2 నెలల తర్వాత, 6 నెలల్లోపు, తేలని ధర, షరతులు తేల్చే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పడాలి. బేరం సాగుతోంది కదా అని ఆ తేదీ దాటనిస్తే నోటీసు వెనక్కి తీసుకున్నట్టే. మళ్లీ నోటీసు ఇవ్వాలంటే 12 నెలలు ఆగాలి, పైగా అటువైపు ఖర్చులూ మీమీదే. ఆ ఏడాదిలో మిగిలిన గడువు 80కి దిగిపోతే ఇక చెప్పేదేముంది?

అపోహ: కొత్త చట్టం వచ్చింది, మ్యారేజ్ వాల్యూ పోయింది.

వాస్తవం: 2024 మే 24న ఆమోదం పొందిన చట్టంలో మ్యారేజ్ వాల్యూ రద్దు, 990 ఏళ్ల పొడిగింపు ఉన్న మాట నిజమే. ఆ సెక్షన్లు అమల్లోకి రావాలంటే విడిగా ఉత్తర్వులు కావాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. 2025 జనవరి 31 నుంచి అమలైంది వేరొకటి: రెండేళ్లు యజమానిగా ఉండాలన్న షరతు పోయింది. 80కి దగ్గరపడినవాళ్లు కొత్త చట్టం కోసం కాచుకోవడం జూదమే. ఇప్పటికే 80 దిగిపోయి, అమ్మకం, రీమార్ట్‌గేజ్ ఆలోచన లేనివాళ్లు ఆగడంలో అర్థం ఉంది.

అపోహ: ఫ్రీహోల్డర్ నేరుగా ఇస్తానన్నదే చవక.

వాస్తవం: 125 ఏళ్లు చేస్తామంటారు, అది పాత లీజు మొదలైన తేదీ నుంచేమో చూడండి. మిగిలిన పాత గడువుకు గ్రౌండ్ రెంట్ అలాగే ఉంచవచ్చు. నోటీసు దారిలో మిగిలిన గడువుకు 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ పూర్తిగా పోతుంది.

షేర్ ఆఫ్ ఫ్రీహోల్డ్ (భవనం యాజమాన్యంలో వాటా) ఉన్నంత మాత్రాన లీజు దానంతటది పెరగదు, పత్రం రాయించుకోవాల్సిందే. అమ్మేవాళ్లు నోటీసు ఇచ్చి, ఫ్లాటుతో పాటే దాని హక్కునూ కొనేవాళ్లకు బదలాయించవచ్చు, కానీ రెండూ ఒకేసారి జరగాలి. ఫ్లాటు అద్దెకిచ్చి హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లిపోయినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. అందులో కాపురం ఉండాలన్న షరతు లేదు, నోటీసు మీద మీ తరఫున సొలిసిటర్ సంతకం చేసినా చెల్లుతుంది.