ఎండదా, నీళ్లదా: పాలమూరు, నల్లగొండ పిట్టల లెక్క వెనుక కథ

మే నెల మధ్యాహ్నం నల్లగొండ దిక్కు ఎండిపోవచ్చిన కుంట అంచున కాసేపు ఆగితే తీతువు పిట్ట పని తెలుస్తుంది. మిగిలిన కాస్త మడుగులోకి దిగి, పొట్ట ఈకలు తడిసేదాకా ముడుచుకుని కూర్చుంటుంది. తర్వాత వడివడిగా గూటి వైపు నడుస్తుంది. గూడంటే పుల్లల గూడు కాదు. పడావు నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, మేకపెంటికలు, నడుమ నాలుగు గుడ్లు. తడి పొట్ట ఆనితే గుడ్లు చల్లబడతాయి. గుడ్డులో పిండానికి సరిపడే వేడి 36 నుంచి 38 డిగ్రీలు. దానికి నాలుగైదు డిగ్రీలు పైన గంటలకొద్దీ ఉంటే పిండం చస్తుంది. గాలే 44 డిగ్రీలున్న రోజున రాతినేల అంతకన్నా ఎక్కువ కాలుతుంది. అందుకని ఎండాకాలం మధ్యాహ్నం తీతువు గుడ్ల మీద కూర్చునేది వెచ్చబెట్టడానికి కాదు, నీడ పట్టడానికి.

ఎండలు ముదిరితే ఈ గుడ్లు మురిగిపోతాయా? పక్షుల మీద వాతావరణ మార్పు ప్రభావం గురించి పీహెచ్‌డీ చేద్దామనుకునే పాలమూరు, నల్లగొండ విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రశ్న దొరకదు. చిక్కంతా ఆ మడుగుతోనే. మడుగుంటే గుడ్లు నిలుస్తాయి, ఎండితే పోతాయి. ఆ మడుగు నిండేది వానతో ఒక్కటే కాదు, కాలువతో, బోరుతో, అలుగు మరమ్మతుతో కూడా. దక్షిణ తెలంగాణలో తొంభై ఏళ్లుగా ఎండా మారింది, నీళ్లూ మారాయి. ఏ మార్పు దేనివల్ల వచ్చిందో విడదీయడమే ఇక్కడ అసలు పరిశోధన. అది ఇంత కష్టం కావడానికి ఒక చరిత్ర ఉంది.

ఉద్యోగం లేని మనిషి చేసిన తొలి లెక్క

1929–30లో బెర్లిన్‌లో జర్మన్ పక్షి శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకుని బొంబాయి తిరిగొచ్చేసరికి మన పక్షి శాస్త్రవేత్త సాలిం అలీకి అక్కడి మ్యూజియం కొలువు లేకుండా పోయింది, నిధుల్లేవన్నారు. అప్పుడాయన సంస్థానాల పక్షుల సర్వేలు చేసిపెడతానని ముందుకొచ్చాడు. జీతం అడగలేదు, ఖర్చులిస్తే చాలన్నాడు. అలా జరిగిందే 1931–32 హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో అమ్రాబాద్ గుట్టల మీది ఫరహాబాద్ కూడా ఆయన మకాముల్లో ఒకటి. ఫలితాలు 1933–34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆంగ్లేయ పక్షి నిపుణుడు హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో విడతలుగా వచ్చాయి. మన ప్రాంతపు పక్షులకు ఈనాటికీ పాత లెక్క అంటే అదే.

అయితే ఆ లెక్క వేరే ప్రశ్న కోసం వేసింది. ఏ జాతి ఎక్కడుంది, దాని ఉపజాతి ఏమిటి అని తేల్చడానికి పిట్టను కాల్చి, తోలు తీసి, తేదీ, ఊరు, ఆడా మగా రాసి చీటీ కట్టేవారు. ఆ రోజు ఎన్ని గంటలు తిరిగారు, ఏ పిట్ట ఎన్ని కనిపించాయి, ఉండాల్సిన ఏ పిట్ట కనపడలేదు అన్నవి వరసగా లెక్కగట్టి పెట్టిన సంఖ్యలు కావు. చీటీ ఉంటే ఆ పిట్ట అక్కడ ఉన్నట్టు. చీటీ లేకపోతే లేనట్టా, చూడనట్టా? పాత పత్రాల్లో లేని జాతి ఇప్పుడు కనిపించగానే ‘వాతావరణం మారి కొత్తగా వచ్చింది’ అని రాసే వ్యాసాలు ఇక్కడే జారిపడతాయి.

దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో జంతుశాస్త్రవేత్త జోసెఫ్ గ్రిన్నెల్, ఆయన బృందం 1904 నుంచి 1940 దాకా తిరిగి చోటు, సమయం, రోజూ చూసిన పిట్టల సంఖ్య నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. 2003 నుంచి బర్కిలీ పరిశోధకులు అవే చోట్లకు వెళ్లి మళ్లీ లెక్కించడం మొదలుపెట్టారు. మొహావే ఎడారిలో ఒక్కో చోట సగటున 43 శాతం జాతులు తగ్గాయని 2018లో తేల్చగలిగారంటే ఆ పుస్తకాల పుణ్యమే. అక్కడ వాన తగ్గడమే పెద్ద కారణమని, ఒళ్లు చల్లబరచుకోవడానికి ఎక్కువ నీరు కావలసిన పిట్టలే ఎక్కువ దెబ్బతిన్నాయని తేలింది. పిట్టకు చెమట గ్రంథులు లేవు. గాలి వేడి దాని ఒంటి వేడిని, అంటే 40–42 డిగ్రీలను దాటితే ఒంట్లోని నీటిని ఆవిరి చేయడం ఒక్కటే దారి, అది ఎక్కువగా నోరు తెరిచి రొప్పడంతో. రొప్పితే నీరు ఖర్చు. ఈ ఒక్క సూత్రం మన దగ్గరా పనికొస్తుంది.

బ్రిటన్ నుంచి వచ్చిన ప్రశ్న మాత్రం అంతగా పనికిరాదు. 1971–95 మధ్య అక్కడ పరిశీలించిన 65 జాతుల్లో 20 దాదాపు తొమ్మిది రోజులు ముందుగా గుడ్లు పెడుతున్నాయని 1997లో తేలాక, ‘మన పిట్టలూ ముందుగా పెడుతున్నాయా’ అన్నది ప్రపంచమంతా పరిశోధనల మూస అయింది. చలిదేశంలో వసంతం వేడితో వస్తుంది. మన గిజిగాడు చూసేది వానను. జూన్‌లో మొదటి వానలు పడి గడ్డి లేస్తేనే నేత మొదలు. ఇక్కడ అడగాల్సింది వాన ఎప్పుడొచ్చింది, నడుమ ఎన్నాళ్లు ఎగ్గొట్టింది అని.

1934 తర్వాత చాలాకాలం చెప్పుకోదగ్గ లెక్క లేదు. 1980లో హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1987 నుంచి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన నడుస్తోంది. 2014 తర్వాత, చూసిన పిట్టల జాబితాలు ఎవరైనా ఎక్కించే ఈబర్డ్ వెబ్‌సైటులో జాబితాలు పోటెత్తాయి. వాటి ఆధారంగా 2023లో వచ్చిన దేశవ్యాప్త నివేదిక 942 జాతులను పరిశీలించింది. సుమారు 30 వేల మంది రాసిన మూడు కోట్ల నమోదులు దానికి ముడిసరుకు. దసరా నాడు మనం చూసే పాలపిట్ట తగ్గుముఖం పట్టిందని చెప్పింది అదే. ఎందుకు తగ్గిందో మాత్రం జాబితాలు చెప్పవు. పైగా జాబితాల్లో సింహభాగం నగరాల చుట్టూ, సెలవు రోజుల్లో, చలికాలం ఉదయాల్లో రాసినవి. దేవరకొండ చెలకల్లో మే మధ్యాహ్నం ఎవరు నిలబడి రాస్తారు? ఎండ ప్రభావం తెలియాల్సిన రోజులకే లెక్క పలచన.

ఈలోగా నీళ్లు కదిలాయి

1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద నల్లగొండ జిల్లాలో కొంత భాగం వరి నేలైంది, అదే జిల్లాలో మిగతా భాగం చెలకగానే మిగిలింది. కృష్ణా నీళ్లు ఎత్తిపోసే కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా పథకాలతో పాలమూరులోనూ యాసంగి వరి పెరిగింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. బోర్ల సంగతి చెప్పనక్కర్లేదు.

నత్తగుల్ల కొంగ, తెల్లకొంగలు ఒక మండలంలో పెరిగితే ముందు వరి మడి ఎప్పుడొచ్చిందో చూడాలి, ఉష్ణోగ్రత తర్వాత. నెమలి మీద రైతుల ఫిర్యాదులకూ ముందు వెతకాల్సింది పంట, నీరు, వేట తగ్గడం. పూడిక తీసిన చెరువులో నీళ్లు పెరుగుతాయి కానీ ఉల్లంగి పిట్టలు పెరగకపోవచ్చు: వాటికి కావలసింది చీలమండ లోతు బురద అంచు, నిటారుగా తవ్విన ఒడ్డు కాదు. పడావు పడిన గడ్డినేలను సర్కారు తుమ్మ కప్పేసినా నేల మీద గుడ్లు పెట్టే పిట్టలకు చోటు పోతుంది. దానికీ ఎండకూ సంబంధం లేదు.

ఇంకో మెలిక. పారే పొలం పగటి వేడిని కొంత తగ్గిస్తుంది, గాలిలో తేమను పెంచుతుంది. తేమ పెరిగితే రొప్పినా ఒళ్లు తొందరగా చల్లబడదు. కాబట్టి ఆయకట్టులో థర్మామీటర్ తక్కువ చూపినంత మాత్రాన పిట్టకు సుఖమని కాదు. తేమ కొలవని పరిశోధన ఇక్కడ సగమే.

ఐదేళ్లలో ఏం చేయగలరు

వాతావరణం అనడానికి ముప్పై ఏళ్ల సగటు కావాలి. ఇప్పుడు వాడే ప్రమాణం 1991–2020. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. పరిశోధన విద్యార్థికిచ్చే భృతి జేఆర్‌ఎఫ్ ఐదేళ్లు: 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. మొదట్లో సైన్సు విద్యార్థికి ఏడాదికొచ్చే కంటింజెన్సీ, అంటే చిల్లర ఖర్చుల సొమ్ము, 12,000. ఒక మోస్తరు 8×42 బైనాక్యులర్‌కే అది హరీ. ఐదేళ్ల పనితో ‘వాతావరణ మార్పు వల్ల’ అని తేల్చడం కుదరదు. కుదిరేది జతల పద్ధతి: నేల, ఎత్తు ఒకటే, నీరు మాత్రం వేరుగా ఉన్న చోట్లను, అంటే ఆయకట్టు లోపల ఒకటి, వెలుపల ఒకటి, పక్కపక్కన పెట్టి చూడడం. ఒకే ఎండలో నీళ్లున్న పిట్ట, నీళ్లులేని పిట్ట ఏమవుతున్నాయో తెలిస్తే ఎండ వాటా ఎంతో అంచనాకొస్తుంది.

లెక్కించే చోట్లు కనీసం 300 మీటర్ల ఎడంగా ఉండాలి, లేకపోతే ఒకే పిట్ట రెండుసార్లు పడుతుంది. ఒక్కో చోట పది నిమిషాలు, 100 మీటర్ల లోపల కనిపించినవీ వినిపించినవీ, తెల్లవారిన మూడు గంటల్లోపు. ఒకే సీజన్‌లో నాలుగుసార్లు. ఉన్న పిట్ట ఒక్కసారికి కంటబడే అవకాశం సగమే అనుకుంటే, నాలుగుసార్లూ తప్పించుకునే అవకాశం పదహారింట ఒకటి. సాలిం అలీ చీటీల్లో లేని ‘లేదు’ అన్న మాటను నమ్మకంగా రాయగలిగేది ఇలాగే.

గూటి వేడికి బొత్తమంత లాగర్లు, అంటే వేడిని తమంతట తామే కొలిచి దాచుకునే పరికరాలు, వాడతారు. 2,048 రీడింగులు పట్టే రకాన్ని పావుగంటకొకటి చొప్పున పెడితే 21 రోజులకే నిండుతుంది. తీతువు పొదుగుడు 28 రోజులకు తక్కువ కాదు. అర్ధగంటకొకటి పెట్టుకుంటే 42 రోజులొస్తుంది. నిండాక పాత రీడింగుల మీద కొత్తవి రాసే అమరిక ఉంటే మొదటి వారం చెరిగిపోతుంది, అది ముందే ఆపేయాలి. లాగర్‌ను గుడ్ల నడుమ పెట్టి సన్నని దారంతో నేలలో దిగ్గొట్టిన మేకుకు కట్టాలి, లేకపోతే పిట్టే తీసి పారేయవచ్చు. రెండోది మీటరు దూరంలో ఉత్త నేల మీద. మూడోది ఒకటిన్నర మీటర్ల ఎత్తున తెల్లని గొడుగు కింద, తేమ కూడా కొలిచే రకం. గూటి దగ్గరకు మధ్యాహ్నం పోకూడదు: తల్లి లేచి అరుస్తూ తిరిగే ఆ కొన్ని నిమిషాల ఎండకే గుడ్లు ఉడికిపోవచ్చు. తెల్లవారగానే వెళ్లినా వచ్చిన దారినే తిరిగి రాకూడదు. కుక్క, ముంగిస వాసన పట్టి వస్తాయి, కాకి చూసి వస్తుంది.

ఇది అడవి కాదు కదా, పడావు చెలకే కదా అనుకుంటే పొరపాటు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ‘వేట’కిచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉంది. శాస్త్ర పరిశోధనకు సెక్షన్ 12 కింద అనుమతి తీసుకోవాలి. తీతువు మార్చిలో గుడ్లు మొదలుపెడుతుంది; కాగితం జూన్‌లో చేతికొస్తే ఐదేళ్లలో ఒక ఏడాది పోయినట్టే. అర్జీ ముందటి వానకాలంలోనే వెళ్లిపోవాలి.

వాతావరణ శాఖ దేశాన్ని చదరపు గడులుగా విడగొట్టి ఇచ్చే లెక్కలనూ కళ్లు మూసుకుని వాడలేం. 1901 నుంచి ఉన్న వాన లెక్క గడి పావు డిగ్రీ, ఫర్వాలేదు. 1951 నుంచి ఉన్న ఉష్ణోగ్రత గడి ఒక డిగ్రీ, అంటే దాదాపు 110 కిలోమీటర్ల పలక. అమ్రాబాద్ గుట్ట, దాని కింది మైదానం ఒకే గడిలో పడిపోవచ్చు. వంద మీటర్లు ఎక్కితే సుమారు 0.6 డిగ్రీ తగ్గే చోట ఆ సగటు గుట్టదీ కాదు, మైదానందీ కాదు.

చివరగా పేర్ల గొడవ. పాత చీటీ మీద ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని ఉన్న ఫరహాబాద్ 2016 అక్టోబర్ 11 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి విడిపోయాయి, 2019లో మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట వేరైంది. పాత, కొత్త నమోదులను జిల్లా పేరుతో జల్లెడ పడితే కంప్యూటర్ మహబూబ్‌నగర్‌లో సగం జాతులు మాయమయ్యాయని చూపిస్తుంది. పిట్టలు ఎక్కడికీ పోలేదు, సరిహద్దు కదిలింది. అందుకే ప్రతి పాత ఊరికీ అక్షాంశ రేఖాంశాలు వెతికి రాసుకోవడంతోనే మొదటి ఆరు నెలలు గడుస్తాయి.